మోహన రాగంలో దిల్‌సుఖ్‌నగర్ లేదు

పాఠం రాకపోతే లోపం పిల్లల్లోనే ఉంటుందని నిశ్చింతగా నమ్మే వయసు ఒకటుంటుంది. నాకు ఆ వయసు దిల్‌సుఖ్‌నగర్‌లో, ఒక కర్రీ పాయింట్ పైఅంతస్తులో మా పెద్దమ్మ నడిపే సంగీతం క్లాసులో గడిచింది. ఎల్బీ నగర్ దాకా మెట్రో వచ్చిన కొత్త రోజులు. డిప్లొమా చేతికి రాగానే పెద్దమ్మకు సహాయంగా చేరాను. (సహాయమని నేను అనుకునేదాన్ని. చాపలు పరవడానికి మనిషి దొరికిందని ఆవిడ అనుకునేది.)

బుజ్జమ్మ అప్పుడే చేరింది. పన్నెండేళ్ల పిల్ల. వాళ్లు నల్గొండ వైపు నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో ఉండేవాళ్లు. గొంతు శుద్ధంగా ఉండేది. కానీ అక్షరాలు ఆ పిల్ల కంటికి నిలిచేవి కావు. సరిగమలు రాసిచ్చినా, వల్లె వేయించినా మర్నాటికి వరస తప్పేది. తాళం వేయిస్తే పాట ఆగేది, పాడిస్తే చెయ్యి ఆగేది. అంతకుముందు వెళ్లిన క్లాసులో వద్దన్నారట. "మీరు గూడ వద్దంటే ఇగ యాడికి తీస్కపోవాలె మేడం" అని వాళ్లమ్మ నెమ్మదిగా అడిగింది. పెద్దమ్మ నియమం ఒకటే. విజయదశమినాడు తల్లిదండ్రుల ముందు మోహన రాగంలో ఒక గీతం ఆగకుండా పాడాలి. పాడినవాళ్లు పై తరగతికి, పాడలేనివాళ్లు ఇంటికి.

ఒకరోజు మెట్ల మీద బుజ్జమ్మ తనలో తాను మెట్రో స్టేషన్లు చెప్పుకోవడం విన్నాను. ఎల్బీ నగర్, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్, న్యూ మార్కెట్, మలక్‌పేట, ఎంజీ బస్ స్టేషన్. ఒక్కటీ తప్పలేదు. ఎనిమిది స్టేషన్లూ స నుంచి పై స వరకు సరిగ్గా సరిపోయాయి. ఆ వరసలోనే నేర్పడం మొదలుపెట్టాను. ఎల్బీ నగర్ స, చైతన్యపురి గ, దిల్‌సుఖ్‌నగర్ మ, మలక్‌పేట ని. ఆరోహణ వెళ్లే బండి, అవరోహణ తిరుగు బండి. తాళానికి బదులు ఒక్కో స్టేషనుకు నేల మీద ఒక దెబ్బ. కొద్దిరోజుల్లోనే స్వరాలు వచ్చేశాయి. (మధ్యలో తలుపులు ఎటువైపు తెరుచుకుంటాయో కూడా చెప్పేది. దాన్ని గమకం కింద జమ కట్టాను.) ఇలాంటి ఉపాయం భూమ్మీద నాకొక్కదానికే తట్టినట్టు పెద్దమ్మ ముందు తిరిగాను.

తర్వాత మోహన రాగం మొదలైంది. అందులో మ, ని ఉండవు. బుజ్జమ్మ గ దగ్గర ఆగిపోయి, దిల్‌సుఖ్‌నగర్ ఏదని అడిగింది. ఈ రాగంలో రాదన్నాను.

"మరి నేనేడ దిగాలె?"

ఎక్స్‌ప్రెస్ అనుకోమన్నాను. మెట్రోలో ఎక్స్‌ప్రెస్ ఉండదని నాకు ఓపిగ్గా వివరించింది. పాడినప్పుడల్లా గ తర్వాత ఆగి, తలుపులు తెరుచుకుని మూసుకునేంతసేపు ఊరుకుని, అప్పుడు ప అందుకునేది. మలక్‌పేటలోనూ అంతే. పండగ దగ్గర పడుతోంది. వాళ్లమ్మ గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చుని, పాట ఆగిన ప్రతిసారీ తల దించుకునేది.

చివరికి పెద్దమ్మే, ఈ రైళ్ల గొడవ మొదట్నుంచీ గిట్టని మనిషి, పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"దిల్‌సుఖ్‌నగర్ మూసేశారమ్మా. మలక్‌పేట కూడా. పండగ దాకా అక్కడ బండి ఆగదు."

"మరి క్లాసుకెట్ల రావాలె?"

"చైతన్యపురిలో దిగు. నేనొచ్చి తీసుకొస్తాను."

మాట వరసకు అన్నదనుకున్నాను. మర్నాడు సాయంత్రం, మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగడానికే విసుక్కునే పెద్దమ్మ చైతన్యపురి స్టేషను కింద నిలబడి ఉంది. నేను వెళతానంటే వినలేదు. "అబద్ధం నాది, నడక కూడా నాదే" అంది. పండగ దాకా ఆవిడ, బుజ్జమ్మ, వాళ్లమ్మ ఆ రద్దీలో నడిచి వచ్చేవాళ్లు. దారంతా గ నుంచి ప, గ నుంచి ప. (క్లాసు దిల్‌సుఖ్‌నగర్ స్టేషనుకు ఇవతలే, చైతన్యపురి వైపు ఉండటం మా అదృష్టం. తిరుగు ప్రయాణం ఆటోలో.)

విజయదశమినాడు బుజ్జమ్మ ఎక్కడా ఆగలేదు. వాళ్లమ్మ చేతిలో నలిగిపోయిన కొంగు మెల్లగా వదిలింది. పాట అయ్యాక బుజ్జమ్మ అడిగింది ఒక్కటే, ఇంక స్టేషన్లు తెరుస్తారా అని. రేపట్నుంచి తెరుస్తారని పెద్దమ్మ మోకాళ్లు రుద్దుకుంటూ చెప్పింది.

పెద్దమ్మ పోయి ఏడాది కావస్తోంది. క్లాసు నేను నడుపుతున్నాను. చాపలు బుజ్జమ్మ పరుస్తుంది, కొత్త పిల్లలకు స్వరాలూ తనే చెబుతుంది. మొన్న ఇద్దరం ఎల్బీ నగర్‌లో బండెక్కాం. ఏదో కూనిరాగం తీస్తూ, చైతన్యపురి రాగానే లేచి తలుపు దగ్గరికి నడిచాను. బుజ్జమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"కూసోండి టీచర్. దిల్‌సుఖ్‌నగర్ ఎప్పుడో తెరిచిన్రు."

కూర్చున్నాను. కింద ఎవరైనా నిలబడి ఉన్నారేమోనని కిటికీలోంచి చూశాను. అక్కణ్ణించి రోడ్డు కనపడదు. ఇన్నేళ్లుగా ఈ దారిన తిరిగేదాన్ని, ఆ మాత్రం తెలియదా అని నాకే నవ్వొచ్చింది.