తోడుకు ఇద్దరు పిల్లలు

మా ఊరి బడిలో మధ్యాహ్నం అన్నం వండేది సుక్కమ్మత్త. ఇబ్రహీంపట్నం దాటి లోపలికి పోతే వస్తుంది మా ఊరు. పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. హద్దురాళ్లు పాతారు తప్ప ఇల్లు ఒక్కటీ లేవలేదు. భూములు అమ్మినవాళ్లు పట్నం అంచున మీర్‌పేట్‌కో బడంగ్‌పేట్‌కో పోయారు. మొన్న బడి తెరిచిన వారానికే దేవేందర్ కూడా సామాను సర్దాడు. బడిలో మిగిలిన ఆఖరి పిల్ల అతని కూతురు అంకితే.

"ఆ పిల్లను తోల్కపోతే బడికి తాళమేస్తరు తమ్మీ," అంది అత్త.

"నీ పొయ్యి కోసం నా బిడ్డ ఒక్కతే కూసోవాల్నా అక్కా? ఆడుకుందామన్నా తోడు లేదు దానికి."

తోడు అన్న మాట అత్తకు ఎట్లా వినబడిందో గానీ, తెల్లారి వచ్చి నా ట్రాలీ ఆటోలో కూర్చుంది.

"పట్నం తొవ్వల తుర్కయాంజాల్ పోదాం పా. ఆడ బడి నిండ పిల్లలేనంట. తోడుకు ఇద్దర్ని అడుగుత."

"పిల్లలేమన్న పెరుగా అత్తా?"

"పాలు తోడెయ్యనీకి జరంత పెరుగు పక్కింట్ల అడగమా? గిది గట్లనే. ఇద్దరొస్తే మల్ల నలుగురైతరు. నోర్మూసుకొని నడుపు."

అక్కడ గదులు చాలక వరండాలో పట్టాలు పరిచి కూర్చోబెట్టారు. మెట్ల మీద కూడా పిల్లలే. సగం మంది అపార్టుమెంట్ల పనికి బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్ల పిల్లలు. వాళ్ల ఊళ్లలోనూ ఎక్కడో మా బడి లాంటిది ఒకటి ఖాళీ అయ్యే ఉంటుంది. మాకు దేశపటంలో జనం ఎక్కువున్న చోట ముదురు రంగు, తక్కువున్న చోట లేత రంగు వేసి చూపించేవాళ్లు. ఆ పటంలో మా ఊరిదీ తుర్కయాంజాల్‌దీ ఒకటే రంగు. డిగ్రీ మధ్యలో మానేశాను కాబట్టి ఆ తరువాత ఏం చెప్తారో నాకు తెలియదు.

పెద్ద మేడం సునంద అంతా విన్నది. నవ్వలేదు.

"ఇద్దర్ని కాదమ్మా, ఇరవై మందిని పంపుత. వాళ్ల అమ్మానాయినలకు మీ ఊర్ల పనున్నదా?"

అత్త నా వైపు చూసింది. నా బండికే పని లేదక్కడ.

"ఉండనీకి పోయినోళ్ల ఇండ్లున్నయ్ మేడం. మస్తున్నయ్. అన్నీ ఖాళే."

"పని?"

అత్త కొంగు దులుపుకొని లేచింది.

అంకిత కూడా పోయింది, దసరా సెలవుల తరువాత మా బడి తెరవలేదు. తుర్కయాంజాల్‌లో అన్నం వండే గంజులు చాలడం లేదు, మా బడివి అక్కడికి పంపమన్నారు. నా ట్రాలీలోనే ఎక్కించాం. అత్త ఒక చిన్న గంజును మళ్లీ కిందికి దించింది.

"ఇదొక్కటి ఉండనీ. ఎవరన్న వస్తే?"

"ఎవరొస్తరత్తా?"

ఆమె దాన్ని మళ్లీ పైకెత్తింది. తనే బండిలోని పెద్ద గంజులో బోర్లించింది. బండి ఎక్కలేదు.

"పోనియ్ ఇగ. ఆడ అన్నం యాళ్లయితది."