మిట్ట మీద వెలిగిన బ్రేకు లైటు

డిప్లొమా కాగితం చేతికొచ్చిన కొత్తలో మనిషికి తెలియనిదంటూ ఏమీ ఉండదు. మదనపల్లెలో మా మేస్త్రీ మెకానిక్ షెడ్డులో చేరిన ఆ రోజుల్లో నా సంగతీ అంతే. బండికి తగిలిస్తే లోపాలు చూపించే స్కానరు చంకలో పెట్టుకుని (షెడ్డుదే లెండి, నాదైనట్టు తిరిగేవాణ్ణి) బండి బానెట్ ఎత్తకముందే రోగం పేరు చెప్పేసేవాణ్ణి, అదీ ఇంగ్లీషులో. షెడ్డులో అందరూ నన్ను 'డాక్టరు' అని పిలిచేవారు. అది మెచ్చుకోలే అని చాలాకాలం నమ్మాను.

అలాంటి నా చేతిలో పడింది, అందరూ పెదనాయన అని పిలిచే పుంగనూరు పెద్దాయన బండి. ఆయన ముప్పయ్యేళ్ళు లారీ తోలి, ఆ తర్వాత టమోటా నారు పెంచే నర్సరీ పెట్టుకున్నాడు. నారు ట్రేలు కుప్పం దాకా చేరవెయ్యడానికి ఆటోమేటిక్ గేర్ల డీజిల్ పికప్పు కొన్నాడు. క్లచ్చు లేదు, గేర్లు వాటంతటవే మారతాయి. (మా షెడ్డుకు అలాంటిది రావడం అదే మొదలు. పక్క టీ అంగడి వాళ్ళు కూడా వచ్చి చూసిపోయారు.)

"మిట్టొస్తే సాలప్పా, ఇంజను అరుస్తాది గానీ బండి లాగదు. గేర్ బాక్సు కాగిపోతాండాదని లైటు గూడా వెలుగుతాది" అన్నాడు పెదనాయన.

మేస్త్రీ తోలి చూశాడు, నేనూ తోలి చూశాను. బండి బ్రహ్మాండంగా పోయింది. పెదనాయన తోలితే మాత్రం మళ్ళీ అదే గోల. నేను వెనక్కి తగ్గుతానా? స్కానరులో గేర్ బాక్సు పేజీ ఒక్కటే తెరిచి, వేడెక్కినట్టు కనపడగానే "టార్క్ కన్వర్టర్ పోయింది, బాక్సు విప్పాల్సిందే" అని తీర్పు చెప్పాను. (ఇంజను బలాన్ని గేర్లకు అందించే భాగం అది.) అలాంటి బాక్సు విప్పితే తిరిగి కూర్చగలిగినవాడు మా షెడ్డులో ఎవరూ లేరు. మేస్త్రీకి ఆ సంగతి తెలుసు.

"సరే డాక్టరూ, రేపు విప్పు. కూర్సేదీ నువ్వే. కూర్సలేకపోతే మళ్ళ ఈడికి రావాకు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పెదనాయన ఫోను చేశాడు. నారు ముదిరిపోతోందట, ఈ ఒక్క లోడూ కుప్పంలో దించి వచ్చాక విప్పుకోమన్నాడు. బండి దారిలో ఆగిపోతే చూసుకోడానికని మేస్త్రీ నన్ను బైకు మీద వెనక పంపాడు. పుంగనూరు దాటాక మొదటి మిట్ట ఎక్కుతుంటే ఇంజను అరవడం మొదలైంది. అప్పుడే చూశాను, బండి వెనక బ్రేకు లైట్లు రెండూ వెలుగుతున్నాయి. మిట్ట ఎక్కుతూ బ్రేకెవరు తొక్కుతారు? (లైటు స్విచ్చు కూడా పోయిందని ఇంకో రోగం కనిపెట్టబోయాను, అంతలో బుద్ధి వచ్చింది.) హారన్ కొట్టి బండి ఆపించి, తలుపు తీసి లోపలికి తొంగిచూశాను.

"పెద్నాయినా, ఆ ఎడమ కాలు యాడ పెట్టుండారు?"

"యాడ పెట్టేదేంది, దాని సోట్లో అది ఉండాది" అంటూ ఆయన కిందికి చూశాడు. చెప్పు విడిచిన ఎడమ పాదం బ్రేకు పెడలు అంచు మీద నిమ్మళంగా కూర్చుని ఉంది.

బ్రేకు మీద కాలు కాస్త ఆనినా, ఆగబోతున్నామనుకుని బండి ఇంజనుకూ గేర్లకూ మధ్య పట్టు సడలిస్తుందని, అందుకే ఇంజను అరిచి బాక్సు కాగుతోందని చెప్పాను. ఆయన ఆ మోకాలి మీద ఒక్కటి చరిచాడు.

"ముప్పయ్యేండ్లు క్లచ్చు తొక్కిన కాలప్పా. నీకు పని లేదు, ఊరికే కూసోమంటే యాడ ఇంటాది?" అన్నాడు.

ఆ కాలు మడిచి సీటు మీద పెట్టుకుని మళ్ళీ తోలాడు. బ్రేకు లైట్లు ఆరిపోయాయి. బండి మిట్టెక్కి పోతుంటే నా బైకు అందుకోలేకపోయింది. హెల్మెట్‌లో నేను వేసిన కేకలు నా చెవులకే గింగురుమన్నాయి.

కుప్పం చేరేదాకా ఇంగ్లీషులో ఒక ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. అక్కడ ట్రేలు దించుకుంటున్న రైతులతో, ఎవరూ అడగకుండానే, పెదనాయన అన్నాడు: "రోగం బండికి గాదప్పా, నా కాలికి. ఈ పిలకాయ కనిపెట్నాడు." ఇక నా ఉపన్యాసం ఎవరిక్కావాలి? అంతటి డ్రైవరు పదిమందిలో ఒప్పేసుకున్నాడు, నేను మాత్రం నా టార్క్ కన్వర్టర్ ఊసు ఇంకా ఎత్తలేదు. సిగ్గేసింది. రోడ్డు పక్కకెళ్ళి మేస్త్రీకి ఫోను చేశాను.

"గేర్ బాక్సు బాగుండాది మేస్త్రీ. నేను సెప్పిందే తప్పు."

"సరే, రేపు పొద్దన్నే బిన్నా రా. పనుండాది" అని పెట్టేశాడు. రావాకు అనలేదు!

ఇప్పుడు నాకు సొంత షెడ్డు ఉంది, తప్పు చేస్తే సర్దిచెప్పుకునే నేర్పూ వచ్చింది. కుప్పం రోడ్డు మీద ఫోను జేబులో వేసుకుని గంతులేసిన ఆ కుర్రాడు గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది. తప్పు ఒప్పుకుని అంత సంబరపడినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు, అద్దంలో కూడా.