పొట్లకాయకు కట్టని రాయి

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం నేను కట్టంగూరు దగ్గరి ఒక పల్లెలో ఇల్లరికపు అల్లుణ్ణి. ఇల్లరికం అంటే పట్టెమంచమూ పెరుగన్నమూ అనుకుంటారు అందరూ. నాకు దక్కింది మా అత్త పెరడు. రోహిణి ఎండలకు ఊరిబావులన్నీ నోళ్లు తెరిచినా మా బావిలో నీళ్లుండేవి. ఆ నీళ్లు తాగి పెరడుకు మదమెక్కింది. బీరతీగ రాత్రికి రాత్రే ఇల్లెక్కి దిగి, తెల్లారేసరికి పక్కింటివాళ్ల దండెం మీది చీర కొంగు పట్టుకుని ఉండేది. నిమ్మచెట్టు పుణ్యమా అని నా అంగీల్లో ఒక్కదానికీ చేతులు మిగల్లేదు. ఇక పొట్లకాయలు! వదిలేస్తే చిట్యాల దాకా పోయి వెనక్కి తిరిగి చూసే రకం.

పొట్లపిందె వంకర పోకుండా కొసకు రాయి కట్టాలి. ఆ బరువుకు కాయ తిన్నగా సాగుతుంది. వాగులో నున్నటి గుండ్రాళ్లు ఏరి, గంపకెత్తి తెచ్చి, సుతిలితో కట్టడం నా కొలువు.

అల్లుడి ఎదుట పడకూడదన్న పాత మర్యాద మా అత్తది. నాకు చెప్పాల్సినవన్నీ బర్రెకు చెప్పేది. ఆ పొద్దున కూడా పందిరి చాటు నుంచి దాన్నే అందుకుంది.

"ఏమే, గా మూల కాయకు రాయి ఎవడు కడ్తడే? నీ అయ్య కడ్తడా? సుట్ట సుట్టుకపోయింది సూడు. తిని పండుడేనా?"

బర్రె నావైపు జాలిగా చూసింది. రాయి కోసం నేను గంప దగ్గరికి నడుస్తుండగానే క్యాంపు పోలీసులు పెరట్లోకి వచ్చారు.

అప్పట్లో మా వైపు పోలీసులు వెతికే కమ్యూనిస్టు దళాలవాళ్లకు తుపాకులు తక్కువ, వడిసెలలు ఎక్కువ. రాయి పెట్టి గిరగిరా తిప్పి విసిరితే తల పగిలేది. పక్క ఊళ్లో పోలీసులు క్యాంపుకు పట్టుకుపోయినవాళ్లు ఇంకా తిరిగి రాలేదు.

వచ్చిన పోలీసుల జమేదారు పట్నం మనిషి. కూరగాయను పళ్లెంలో తప్ప చూసినవాడు కాదు. పందిరి కిందికి రాగానే వేలాడుతున్న గుండ్రాయి ఆయన నుదుటికి ఠంగున తగిలింది. ఆ చప్పుడు హైదరాబాదు దాకా వినపడే ఉంటుంది.

"యే క్యా హై?"

"పొట్లకాయలకు కట్టిన రాళ్లు, సర్కార్."

"కాయలకు ఎవడన్న రాళ్లు కడ్తడార? ఉల్లూ లెక్క కనవడ్తున్ననా?" గంపను బూటుతో తన్నాడు. రాళ్లు పెరడంతా దొర్లాయి. "వడిసెల రాళ్లివి. దళపోళ్లకు జమ చేస్తున్నవ్!"

నా సుతిలితోనే నా చేతులు వెనక్కి కట్టారు. వీపులో తుపాకీ మడమ దిగింది. నా భార్య గడపలో కూలబడింది. రోహిణి కార్తె మొత్తం నా నోట్లోకే దిగింది.

అప్పుడు పందిరి ఆకులు చీల్చుకుని మా అత్త బయటికి వచ్చింది. అన్నాళ్లకు ఆమె ముఖం చూడటం నాకదే మొదలు.

"సారూ, జర ఆగు. గిటు రా. గీ కాయకు రాయి లేదు, గందుకే పాము లెక్క సుట్టుకున్నది. గవ్విటికి రాళ్లున్నయ్, కట్టె లెక్క నిలవడ్డయ్. దీన్ని మా అల్లుడు మర్సిండు. అసలుకే సోమరోడు. దళపోళ్లకు రాళ్లందించేటంత సురుకుంటే నాకీ గోస ఎందుకు సారూ?"

జమేదారు వంకర కాయను చూశాడు. తిన్నటి కాయను చూశాడు. నన్ను చూశాడు. చూపు నా మీదే ఆగింది.

"నిజంగ సోమరోడేనా?"

"నమ్మకుంటే మా బర్రెనడుగు. రోజూ దానికే చెప్పుకుంట."

వెనకున్న పోలీసు ఫక్కుమన్నాడు. జమేదారు మీసం ఒక పక్కకు కదిలింది.

"ఛోడ్ దో."

నన్ను వదిలారు గానీ రాళ్లను వదల్లేదు. అన్నీ తెంపి సంచికెత్తారు. తిన్నటి కాయలు కూడా వాటితోపాటే క్యాంపుకు పోయాయి.

మర్నాడు నేను వాగు నుంచి మళ్లీ గంప మోసుకొచ్చాను. మా అత్త ఎదురుగా వచ్చి నిలబడింది. బర్రె ఆ దరిదాపుల్లోనే లేదు.

"రాళ్లు వద్దు అల్లుడా, వాగులనే పారబోసి రా. కాయలు ఎట్ల వోతే అట్ల పోనీ."

ఆ ఏడాది మా కాయలన్నీ చుట్టలే. తరగలేక ఇంటిల్లిపాదీ వేళ్లు కోసుకున్నాం. బాట మీద బూట్ల చప్పుడైతే చాలు, నన్ను ఇంట్లోకి తోసి, మా అత్త వెళ్లి ఆ వంకర కాయల కింద నిలబడేది.