బోర్డు పడకముందు రాయని కేసు

2000 సంవత్సరం ఏప్రిల్‌లో నేను అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాలను చూసే ఒక ఠాణాకు సబ్‌ఇన్‌స్పెక్టరుగా బదిలీ అయ్యాను. కంప్యూటర్ ఉద్యోగాల కోసం జిల్లాల నుంచి యువత ఆ నాలుగు వీధుల్లోకి వచ్చిపడుతున్న కాలమది. మైత్రీవనం చుట్టుపక్కల మేడల్లో అంతస్తుకొక శిక్షణ సంస్థ, సంస్థకు రెండేసి బోర్డులు ఉండేవి. గోడలు చాలక, పిట్టగోడల మీద ఇనుపచట్రాలు నిలిపి రేకు బోర్డులు బిగించేవారు.

మే నెలలో ఖాజా అనే జిరాక్స్ దుకాణదారు ఫిర్యాదుతో వచ్చాడు. అతని దుకాణం మూడంతస్తుల మేడ కింద ఉంది. పైనున్న శిక్షణ సంస్థవారి బోర్డు చట్రానికి రెండు బోల్టులు ఊడిపోయాయనీ, వాటి బదులు తీగ చుట్టారనీ చెప్పాడు.

"గాలొస్తే గా బోర్డు ఊగుతుంది సాబ్. నోట్సుల కోసం మస్తు మంది పిల్లలు కిందనే లైన్ల నిలబడతరు. నేను సుత పొద్దంత ఆడనే ఉంట," అన్నాడు.

అప్పటి శిక్షాస్మృతిలో ఇటువంటి పరిస్థితికే 336వ సెక్షన్ ఉండేది. ఇతరుల ప్రాణానికో భద్రతకో ముప్పు కలిగేంత దుడుకుగా, నిర్లక్ష్యంగా ప్రవర్తిస్తే, ఎవరికీ గాయం కాకపోయినా అది నేరం. శిక్ష మూడు నెలల వరకు జైలు, లేదా రెండువందల యాభై రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. గాయమైతే 337, తీవ్రగాయమైతే 338, మరణిస్తే 304-ఎ. మెట్లు ఇంత స్పష్టంగా ఉన్నా, మొదటి మెట్టు మీద కేసు కట్టే అలవాటు ఠాణాల్లో లేదు. అంత చిన్న జరిమానా కోసం ఎఫ్‌ఐఆర్, సాక్షులు, వాయిదాలు ఎందుకన్నది అందరి మాట. నెలవారీ నేర సమీక్షలో కేసుల సంఖ్య పెరిగితే సంజాయిషీ కూడా చెప్పుకోవాలి.

మా రైటరు, అంటే ఠాణా రాతపనులు చూసే హెడ్‌కానిస్టేబుల్ నర్సింగ్, నవ్వుతూ, "ఖాజా భాయ్, ఎవరికన్న దెబ్బ తాకిందా? ఒక్క చుక్క నెత్తురు చూపియ్యి, ఇప్పుడే కేసు నంబరేస్త," అన్నాడు.

"అందాక ఆగాల్నా అన్నా?" అన్నాడు ఖాజా. అతడూ నవ్వాడు. నేను నర్సింగ్‌ను మందలించలేదు.

సంస్థ యజమానిని పిలిపించాను. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవాడు, మర్యాదస్తుడు. "సోమవారం కొత్త బ్యాచ్ అండి ఎస్సై గారూ. ఇప్పుడు బోర్డు దించితే మేమెక్కడున్నామో ఎవరికీ తెలీదు. వారంలో వెల్డింగ్ చేయిస్తాను," అన్నాడు. ఆ మాటే హామీపత్రంగా రాయించి సంతకం తీసుకున్నాను. ఠాణాలో జరిగే ప్రతి విషయాన్నీ గంటతో సహా నమోదు చేసే జనరల్ డైరీలో ఫిర్యాదును ఎక్కించి, పక్కన ఎర్రసిరాతో 'పరిష్కారమైనది' అని రాశాను. రికార్డుల విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. పెండింగులో కాగితం ఉండటం నాకు నచ్చదు.

వారం గడిచింది. నేను మేడ ఎక్కి చూడలేదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం గాలిదుమారానికి చట్రం ఒరిగి, బోర్డుతో సహా దుకాణం మీద పడింది. వాన మొదలవడంతో పిల్లలు అప్పటికే మెట్ల కిందికి పరిగెత్తారు. యంత్రం తడవకుండా పట్టా కప్పుతున్న ఖాజా ఒక్కడే చిక్కుకున్నాడు. కుడికాలు మోకాలి కింద తీసివేశారు.

338 కింద కేసు నమోదు చేసి, మూడో రోజు వాంగ్మూలం కోసం ఆసుపత్రికి వెళ్లాను. సమయం, గాలి, బోర్డు పడిన తీరు అన్నీ వరుసగా చెప్పాడు. నేను కలం మూయబోతుంటే అడిగాడు:

"ఇప్పుడు నెత్తురు సుత ఉన్నది సాబ్. నంబరు పడ్డది గద?"

గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలనుకున్నాడేమో. పడిందని చెప్పాను. దర్యాప్తుకు సంబంధం లేని మాట కనుక దానిని వాంగ్మూలంలో రాయలేదు.

విచారణలో నేను తీసుకున్న హామీపత్రమే ప్రాసిక్యూషన్‌కు గట్టి ఆధారమైంది. ముప్పు తెలిసి కూడా యజమాని ఊరుకున్నాడని అది రుజువు చేసింది. డిఫెన్సు న్యాయవాది అదే కాగితం నాకు చూపించి, ఈ ముప్పు ఆ రోజుకు మీకూ తెలుసు కదా అని అడిగారు. తెలుసునన్నాను. 'పరిష్కారమైనది' అన్న దస్తూరీ ఎవరిదన్నారు. నాదేనన్నాను. యజమానికి శిక్ష పడింది. నా మీద శాఖాపరంగా కూడా ఏ చర్యా లేదు, ఎందుకంటే నా రికార్డు సక్రమంగా ఉంది.

నిర్లక్ష్యానికి శిక్ష గాయం జరిగాక మొదలవుతుందని మేమందరం అనుకునేవాళ్లం. చట్టం అలా అనలేదు. ముప్పులో పెట్టడమే నేరమని అది ముందే చెప్పింది. శిక్షణలో ఆ సెక్షన్ చదివాను, పరీక్షలో సరైన జవాబు కూడా రాశాను. హామీపత్రం తీసుకున్న అధికారి వెళ్లి చూడకపోతే, ఆ కాగితం అతనికి తప్ప మరెవరికీ రక్షణ కాదు.

ఆ తరువాత పదవీ విరమణ వరకు ఎక్కడ పనిచేసినా 336 కింద కేసులు కట్టాను, బోర్డులు దించేదాకా అక్కడే నిలబడ్డాను. తోటివారు నాకు 'రెండొందల యాభై సారు' అని పేరు పెట్టారు. నేను అభ్యంతరం చెప్పలేదు. ఆ బోర్డు పడటానికి తొమ్మిది రోజుల ముందే రావలసిన పేరు అది.