భువనగిరి కట్టెల భట్టీలో బాపు కోసం బిస్కెట్లు

శివరాత్రి దాటిందంటే మా మర్రిగూడ వైపు చెలకల్లో పచ్చిక మిగలదు. గొర్రెలున్న ఇళ్ళ మగవాళ్ళు మందలు తోలుకొని, కోతలైన పొలాలు వెతుక్కుంటూ మిర్యాలగూడ వైపు వలస వెళ్తారు. మళ్ళీ వానలు పడ్డాకే ఇంటి ముఖం చూస్తారు. మేం బాపు అని పిలిచే మా నాన్న కూడా అంతే. మంద కదిలే రోజుల్లో పొయ్యి పెట్టుకునే వీలుండదు కాబట్టి ఇంటి నుంచి కట్టుకెళ్ళిన రొట్టెలే ఆధారం. పోయినేడు దారిలో అకాల వాన పడి ఆ రొట్టెలకు బూజు పట్టింది. బాపు రెండు రోజులు ఉత్త చాయ్ మీద నడిచాడట. ఆ సంగతి ఆయన మాకు చెప్పనే లేదు. తోడు వెళ్ళిన చిన్నాయన మాటల్లో నోరు జారితే తెలిసింది. ఈసారి ఏమైనా సరే, బాపు మూటలో చెడిపోని తిండి ఉండాలని అప్పుడే అనుకున్నాను.

దారి చూపింది అవ్వ, అంటే బాపు వాళ్ళమ్మ. ఆమె పుట్టింది భువనగిరి దగ్గరి పల్లెలో. "మా భోనగిరిల కట్టెల భట్టీ ఉంటది బిడ్డా. మన పిండి, మన నెయ్యి ఇస్తే మన ముంగటనే బిస్కెట్లు చేసిస్తరు. నెలైనా కరకర పోదు" అంది. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న నాకు అప్పటిదాకా బేకరీ అంటే అద్దాల వెనక వరసగా నిలబెట్టిన కేకులే. మన పిండి తీసుకెళ్ళి బిస్కెట్లు చేయించుకోవచ్చన్న మాటకే నాకు కాలు నిలవలేదు. గోధుమలు కొని ఊళ్ళో గిర్నీలో పట్టించాం. మా చేలో పండిన జొన్నల పిండి కొంత కలిపాం. ఇంట్లో బర్రె నెయ్యి క్యాన్‌లో పోసుకున్నాం. బాపు మంద కదిలించడానికి ఇంకా ఒక్క రోజే మిగిలింది.

పొద్దున ఆరున్నరకు నేనూ అవ్వా బస్సెక్కాం. నారాయణపూర్ మీదుగా చౌటుప్పల్ వెళ్ళి, అక్కడ బస్సు మారి భువనగిరి చేరాలి. మారే చోట ఎదురుచూపుతో కలిపి మూడు గంటలు లెక్కేసుకోండి. పల్లె బస్సుల్లో ఆడవాళ్ళు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. మగవాళ్ళకు రానూపోనూ రెండు వందల లోపే అవుతుంది. అవ్వ ఒళ్ళో నెయ్యి క్యాన్ చూసి కండక్టర్ ఊరుకోలేదు.

"అవ్వా, గా క్యాన్ కింద పెట్టు. బస్సు ఎగిరితె మీద పోసుకుంటవ్."

"కింద పెడితె నీ కాలు తాకుతది. నువ్వు టికెట్ కొట్టు, నేను నెయ్యి చూస్కుంట."

భువనగిరి దగ్గరపడుతుంటే ముందు గుట్ట, తర్వాత దాని నెత్తిన కోట కనిపించాయి. అవ్వ కిటికీలోంచి తల బయట పెట్టి తన గుట్టను తానే కొత్తగా చూసింది. బస్టాండు బయట ఆటో అతన్ని బేకరీ ఎక్కడని అడిగితే, "కేకులదా, భట్టీదా?" అన్నాడు. భట్టీదే అన్నాను. "గట్లయితె ముక్కు ఎటు గుంజితె అటు నడువుండ్రి. పది నిమిషాల తొవ్వ, కిరాయి దండుగ." తన బేరం తానే చెడగొట్టుకున్న ఆటో అతన్ని అదే మొదటిసారి చూడటం!

ఆయన చెప్పింది నిజమే. సందు మలుపు తిరగ్గానే కాలిన తుమ్మ కట్టె వాసన, దాని వెనకే వెన్న కరిగిన వాసన వచ్చాయి. లోపల గోడలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఎదురుగా గుహలా భట్టీ, దాని నోట్లో ఎర్రటి వెలుగు. పొడవాటి కర్ర తెడ్డుతో రేకు పలకలు లోపలికి నెడుతున్న పెద్దాయనను అందరూ చాచా అంటున్నారు. ఆ భట్టీ వాళ్ళ తాత కట్టిందట. పొద్దున వేడి ఎక్కువగా ఉన్నప్పుడు రొట్టెలు, ఆ తర్వాత పొరలు పొరలుగా ఉండే ఉప్పు ఖారీ, వేడి మెత్తబడ్డాక బిస్కెట్లు కాలుస్తారు. మాకంటే ముందు మోత్కూర్ నుంచి ఒక అక్క వచ్చి కూర్చుంది. చెల్లెలి పెళ్ళికి ఇలాచి బిస్కెట్లు చేయించుకుంటోంది. మేం కూర్చోగానే చాయ్, రెండు ఖారీలు వచ్చాయి. అన్నీ కలిపి నలభై రూపాయలు. ఖారీని వేళ్ళతో నొక్కితే పొర మీద పొర విరిగి ఒళ్ళంతా రాలింది. ఆ చప్పుడుకు సరిపోయే మాట నాకింకా దొరకలేదు.

మా వంతు వచ్చింది. చాచా పిండి వేళ్ళ మధ్య నలిపి చూసి బాగుందన్నాడు. నెయ్యి క్యాన్ మూత తీసి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

"అమ్మా, దీంట్ల ఏమేసి కాసిన్రు?"

"ఏమేస్తం? కల్యామాకు, గిన్ని మెంతులు. గమగమ అంటలేదా?" అంది అవ్వ గర్వంగా. కరివేపాకు వేయకుండా నెయ్యి కాస్తే మా ఇంట్లో దాన్ని నెయ్యి అనరు.

"అన్నంల గమగమనే. చక్కెర, ఇలాచి వేసిన బిస్కెట్ల పడితె పోపు పెట్టినట్లుంటది."

మోత్కూర్ అక్క ఉలిక్కిపడింది. "చాచా, ఆ పలకలు మా వాటి పక్కన పెట్టకు! పెండ్లి బిస్కెట్లకు పోపు వాసనొస్తె మా చెల్లె అత్త ఊరంత చాటుతది!"

"డాల్డా ఉంది, వేసియ్యాల్నా?" అన్నాడు చాచా. అవ్వకు కోపం వచ్చింది. "బర్రె నెయ్యి పట్టుకొచ్చి డాల్డా తినిపియ్యాల్నా నా కొడుక్కు? క్యాన్ ఇటియ్యి, పోతం!"

ఆమె నిజంగానే లేచింది. ఇంటికి వెళ్ళి వేరే నెయ్యి కాచుకొచ్చే టైమ్ లేదు, కొన్న నెయ్యి అవ్వ ముట్టనివ్వదు. తెల్లారితే బాపు బయలుదేరుతాడు, మూటలో మళ్ళీ అవే రొట్టెలు. పళ్ళెంలో మిగిలిన ఖారీ ముక్కలు చూస్తూ అడిగాను: "చాచా, ఖారీల తీపి లేదు గద. మావి గూడ ఉప్పుయి చెయ్యరాదా?"

చాచా తల గోక్కున్నాడు. "ఉప్పు, జీలకర్ర, వాము పడితె నడుస్తదేమో. గని కల్యామాకు నెయ్యితోని నేను ఎన్నడు చెయ్యలే. మంచిగ రాకుంటె నన్ను తిట్టొద్దు."

"తిడ్త," అంది అవ్వ, మళ్ళీ కూర్చుంటూ. "గని చెయ్యి. నా కొడుకు చాయ్‌లనే చక్కెర వద్దంటడు."

మా పలకలు అందరికంటే చివర పెట్టాలని ఒప్పందం. చాచా నెయ్యిని అరచేత్తో నురగ తేలేదాకా రుద్ది, పిండి కలిపి, ముద్దను పరిచి గుండ్రంగా కోయించాడు. ఇక్కడొక పద్ధతి ఉంది. ఎవరి పలకలు ఎవరివో కలిసిపోకుండా ప్రతి పలకలో ఒక బిస్కెట్ మీద ఆ ఇంటివాళ్ళు గుర్తు పెడతారు. మోత్కూర్ అక్క గాజుతో ఒత్తింది. మా అవ్వ కత్తి అడిగి తీసుకొని బిస్కెట్ అంచున చిన్న గంటు పెట్టింది. మా గొర్రెల చెవులకు ఉండే గంటు అది. తర్వాత రెండో బిస్కెట్‌కు పెట్టింది, మూడోదానికీ పెట్టింది.

"పలకకు ఒక్కటి చాలమ్మా," అన్నాడు చాచా.

"ఒక్క గొర్రె చెవు కోసి మంద మొత్తం నాదంటె ఎవడన్న ఒప్పుకుంటడా?"

మోత్కూర్ అక్క పడీపడీ నవ్వింది. నేనూ ఒక కత్తి పట్టుకొని కూర్చున్నాను. ప్రతి బిస్కెట్‌కూ చెవి కోశాం!

పలకలు లోపలికి వెళ్ళాక భట్టీ నోటి ముందే కూర్చున్నాం. మొదట జీలకర్ర వాసన వచ్చింది, తర్వాత కరివేపాకు. మోత్కూర్ అక్క కూడా సంచులు సర్దుకోవడం ఆపి ముక్కు ఎగబీల్చింది. చాచా తెడ్డుతో పలక బయటికి లాగి, వేడిదే ఒకటి విరిచి నోట్లో వేసుకున్నాడు. కరకరమని చప్పుడైంది. మేం ముగ్గురం ఆయన దవడల వైపే చూస్తున్నాం.

"అమ్మా," అన్నాడు, "కల్యామాకు ఎన్ని రెబ్బలేసినవ్?"

అవ్వ ముఖం చూడాలి అప్పుడు! ఎన్ని రెబ్బలో చెప్పకుండా, "మళ్ళొచ్చినప్పుడు చెప్త" అంది. మోత్కూర్ అక్క తన ఇలాచి బిస్కెట్లు గుప్పెడు ఇచ్చి మావి గుప్పెడు పట్టుకెళ్ళింది. చేసిన కూలి కిలోకు నలభై రూపాయలు. చల్లారక ముందు మూత పెడితే చెమ్మ పట్టి మెత్తబడతాయని చాచా గట్టిగా చెప్పాడు. అందుకే బస్సులో సగం దారి దాకా, మేం వెంట తెచ్చుకున్న డబ్బా మీద అవ్వ కొంగే కప్పి ఉంచాం. చీకటి పడే వేళకు ఇల్లు చేరాం.

బాపు ఒకటి తీసుకొని చాయ్‌లో ముంచి తిన్నాడు. రెండోది ముంచకుండా తిన్నాడు. మూడోది చేతిలో పట్టుకొని అమ్మ వైపు తిరిగి, "గివి ఇంత మంచిగున్నయంటె డబ్బ రేపటిదాంక ఉండదు, దాచి పెట్టు" అన్నాడు. తెల్లవారి ఆ డబ్బా ఆయన గొంగడి మూటలో మందతో పాటు వెళ్ళింది.

వారం తర్వాత ఫోన్ చేశాడు. ముందురోజు అక్కడ వాన పడిందట. నేను పలకరింపులన్నీ పక్కన పెట్టి, "తిన్నవా బాపు?" అన్నాను.

"తిన్న బిడ్డా. గింత గూడ మెత్తవడలే. గని మూత సప్పుడైతె సాలు, కొమ్ముల పొట్టేలు ఉరికొచ్చి ముంగట నిలవడ్తాంది. దానికొకటి ఇయ్యకుంటె అది కదుల్తలేదు, అది కదలకుంటె మంద కదుల్తలేదు!"

అవతల చిన్నాయన నవ్వు వినిపిస్తోంది, ఇవతల అవ్వ ఫోన్ లాక్కుంటోంది. ఇంటికి దూరంగా, తడిసిన పొలం గట్టు మీద కూర్చొని మా బాపు కడుపునిండా తిని నవ్వుతున్నాడు. నేను భువనగిరి వెళ్ళింది ఆ నవ్వు కోసమే. కోట ఎక్కలేదు, ఫొటోలు దిగలేదు. అయినా ఇంతకంటే మంచి ప్రయాణం నేనింకా చేయలేదు. ఈ పాత భట్టీకి మీరూ వెళ్ళండి. రొట్టెల వేడి దిగే వేళకు, పదింటిలోపు చేరితే సాయంత్రం బస్సుకల్లా పని అయిపోతుంది. డబ్బా మాత్రం మీరే తీసుకెళ్ళాలి, అదీ బిగుతు మూతది. లేకపోతే మీ వాటా ఏ పొట్టేలుకు పోతుందో చెప్పలేం.