ఐలమ్మ ఎక్కిన బండి

మా ఊరి ఐలమ్మ గురించి చెప్పాలంటే ముందు ఎలుకల గురించి చెప్పక తప్పదు. మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య ఉన్న ఊరు మాది. ఉన్న పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. హద్దురాళ్లు పాతినవాళ్లు మనుషులకు రోడ్లు వేశారు గానీ, ఆ పొలాల్లో తరతరాలుగా కాపురమున్న ఎలుకలు ఎక్కడికి పోవాలో ఎవరూ ఆలోచించలేదు. అవి తిన్నగా మా బండ్లలోకి వచ్చాయి. కారు కొన్న ప్రతివాడి బానెట్ కిందా ఒక కుటుంబం అద్దె లేకుండా దిగింది. నా స్కూటర్ సీటు కింద ఒక మహాతల్లి పిల్లల్ని కూడా పెట్టింది.

మందులు చెప్పేవాళ్లకు కొదవ లేదు. పొగాకు కాడలు పెట్టమని ఒకడు, కలరా ఉండలు వేయమని ఒకడు, పిల్లిని పెంచమని ఇంకొకడు. విషం పెట్టమన్నవాడి మాట విన్న మనిషి మాత్రం చాలా రోజులు కారు అద్దాలు దించుకుని, ముక్కు మూసుకుని తిరిగాడు. తిన్న ఎలుక బయటికి వచ్చి చావాలని ఎక్కడా రాసి లేదు కదా.

ఇంతకూ ఊళ్లో ఎలుకలకు అన్నిటికంటే ఇష్టమైన బండి వైకుంఠ రథం. దాన్ని ఊరికి ఇచ్చింది జనార్ధన్. భూములున్న ఇంటివాడు, ఒకప్పుడు సర్పంచ్, ఇప్పుడు వెంచర్లు వేస్తాడు. తండ్రి పోయాక ఆయన జ్ఞాపకార్థం ఒక పాత వ్యాన్ కొని, వెనక శవాన్ని పడుకోబెట్టే బల్ల, పక్కన నలుగురు కూర్చునే సీటు పెట్టించాడు. రెండు వైపులా తండ్రి పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రాయించాడు. మంచి పనే, కాదనను. ఇంకాస్త చిన్నగా రాయించినా స్వర్గంలో ఉన్న ఆయనకు కనపడేదే.

ఆ బండి ఉండేది ఊరి చివర, దహనవాటిక పక్కన రేకుల షెడ్డులో. చావు ఉంటే తప్ప దాని దగ్గరికి ఎవరూ పోరు. శవం వెంట దారి పొడుగునా చల్లే పేలాలు సగం బండిలోనే రాలేవి. వాటిని ఊడ్చడానికి ఎవరికీ చేతులు రావు. మూడో రోజు పిట్టకు పెట్టే అన్నం, కూరలు కూడా ఆ షెడ్డు ముందే పెట్టేవారు. కాకి ముట్టిందా లేదా అని చుట్టాలు కళ్లు కాయలు కాచేలా చూసేవారు. ఎలుక ముట్టిందా అని ఎవరూ చూడలేదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఊరి కట్టుబాటు. శవం లేకుండా ఆ బండి కదలకూడదు. ఖాళీగా కదిలితే ఎవరినో ఒకరిని అడుగుతుందట. అందుకని చావుకూ చావుకూ మధ్య నెలలు గడిచినా దాన్ని స్టార్ట్ చేసే దిక్కు లేదు. తిండి ఉంది, చీకటి ఉంది, బండి కదలదు. ఎలుకకు ఇంతకంటే వేరే వైకుంఠం ఎందుకు?

ఐలమ్మది చేపలు పట్టే ఇల్లు. మొగుడు సోమయ్య చెరువులో వల వేసేవాడు. ఆమె తట్ట నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. నోరు గట్టిది. బేరమాడిన వాళ్లను చేపకంటే ముందు తోమి పెట్టేది. ఒక్కతే కూతురు శైలజ. సూరారంలో ఫ్యాక్టరీ పని చేసే అల్లుడితో కాపురం.

ఎండాకాలంలో ఒక పొద్దున సోమయ్య గుండెనొప్పితో పోయాడు. వాళ్ల వాడ రోడ్డుకు ఇవతల, దహనవాటిక అవతల. శవాన్ని ఎక్కించుకున్న వైకుంఠ రథం సరిగ్గా రోడ్డు నడిమధ్యకు వచ్చి ఆగిపోయింది. డ్రైవర్ మహేందర్ బానెట్ ఎత్తి చూస్తే వైర్లు కొరికి పారేసి ఉన్నాయి. వాటి మధ్య పేలాలు, పూలదండల దారాలు, తెల్లగుడ్డ పీలికలు కలిపి అల్లుకున్న గూడు. వెనక లారీలవాళ్లు ఆపకుండా హారన్లు కొడుతున్నారు. నలుగురు తోసినా బండి ముందుకు పోలేదు. చివరికి సిమెంటు బస్తాలు దించి వస్తున్న ట్రాలీ ఆటోను బతిమాలి ఆపి, సోమయ్యను అందులోకి మార్చారు. బతికినన్నాళ్లూ నీళ్లలో ఉన్న మనిషి సిమెంటు దుమ్ములో పోయాడు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

దినాలు అయిపోయాక ఐలమ్మ మహేందర్ ఇంటికి వెళ్లింది. అతను ఆ వాడవాడే, ఆమెను పెద్దమ్మా అంటాడు. మామూలు రోజుల్లో ట్రాక్టర్ నడుపుతాడు, చావు కబురు వస్తే రథం తీస్తాడు. తనను తిట్టడానికే వచ్చిందనుకుని అతను తల వంచుకున్నాడు.

"మల్ల వైర్లు ఏసినవా?" అని అడిగింది.

"ఏసిన పెద్దమ్మా. ఏస్తే ఏమాయె, మల్ల కొడ్తయ్. దాన్నట్ల పండవెడితే ఎలుకలు రాక ఏంజేస్తయ్? వారానికొకసారి బయటికి తీసి తిప్పితే ఒక్కటి ఉండది. తిప్పనిస్తరా?"

"వల గూడ గంతే బిడ్డా. వాడినన్ని దినాలు దాని జోలికి ఎలుక రాదు. మూలకు పడేసినవంటే పొక్కలే మిగుల్తయ్."

మరునాటి నుంచి ఐలమ్మ ఆ షెడ్డు పని పట్టుకుంది. ఆమెను ఎవరూ పెట్టలేదు, ఎవరూ అడగలేదు. ఇంకో ఇంటి పీనుగ అలా రోడ్డు మీద ఆగకూడదు, అంతే. బండిలో పేలాలు ఊడ్చింది. గోడ అడుగున బొక్కల్లో గాజుపెంకులు కుక్కి సిమెంటు మెత్తింది. కాకి ముట్టిన అన్నాన్ని పొద్దుగూకక ముందే ఎత్తి చెరువులో చేపలకు వేసింది. బానెట్ ఎత్తి పెట్టి వెలుతురు తగలనిచ్చింది. ఎలుకలు తగ్గాయి గానీ పోలేదు. కదలని బండి కదా, వాటి ధీమా వాటిది.

అప్పుడు ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ఆలోచన అంటే ఆలోచన కాదు, వకీలు మాట.

"ఖాళీగ తిరగొద్దు అన్నరు. గంతే గదా? ఖాళీగ ఎందుకు తిప్పుతవ్, నేను కూసుంట."

మహేందర్ బిత్తరపోయాడు. "పెద్దమ్మా, అది పీనుగల బండి!"

"నేను ఎన్నటికైన ఎక్కేదేనాయె. ఇప్పుడే ఎక్కుత. అప్పుడైతే బయట ఏమున్నదో సూడనీకి రాదు గదా."

అలా ఒక గురువారం పొద్దున వైకుంఠ రథం ఐలమ్మతో ఊళ్లోకి వచ్చింది. ఆ చప్పుడుకు జనం ఇళ్లలోంచి బయటికి వచ్చి, ఎవరు పోయారు, ఎవరు పోయారు అని ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు. నెలల తరబడి మంచాన ఉన్న రామయ్య తాత గభాలున లేచి కూర్చుని, "నేనింకా పోలే, నేనింకా పోలే," అని అరిచాడట. ఏ డాక్టరూ లేపలేని మనిషిని లేపిన గొప్ప ఆ బండిదే.

సాయంత్రానికల్లా జనార్ధన్ ఐలమ్మను పిలిపించాడు. అరుగు మీద కుర్చీలో ఆయన, వెనక గడప దగ్గర ఆయన భార్య బాలమణి.

"ఏంది ఐలమ్మా గిది? మా నాయిన పేరున్న బండిల షికార్లు జేస్తున్నవా?"

"మీ నాయిన పేరు పైన్నే ఉన్నది పటేలా. లోపల ఎలుకలు తింటున్నయ్. నా మొగడు రోడ్డు మీద పడ్డప్పుడు గా పేరు అందరు సదివిండ్రు."

జనార్ధన్ ముఖం ఎర్రబడింది. ఆయన చెడ్డవాడు కాదు. ఊరంతా వచ్చి చెవిలో జోరీగల్లా రొద పెడితే తట్టుకోలేని మనిషి, అంతే.

"సరే. తిరుగు. గని మన ఊర్ల గిప్పటి సంది ఎవరన్న పోతే నీ తిరుగుడుతోనే అంటరు. గప్పుడు నేనేమనలేను. తాళంచెవి గుంజుకుంట. బండి ఇగ షెడ్డుల నుంచి కదలది."

ఐలమ్మ సరేనని వచ్చేసింది. ఇంటికి వచ్చాక గానీ ఆ మాటలో ఉన్న మెలిక అర్థం కాలేదు. ఊరన్నాక చావు రాకుండా ఉంటుందా? ఎవరు పోయినా తప్పు ఆమెదే అవుతుంది. బండి మళ్లీ ఎలుకల పాలవుతుంది. అయినా గురువారం గురువారం ఎక్కడం మానలేదు.

డీజిల్ తన చేపల డబ్బులతో పోయించేది. బండిలో చేపల తట్ట ఎక్కనిచ్చేది కాదు, తినేది ఏదీ ముట్టేది కాదు, ఆఖరికి వక్కపలుకు కూడా దిగాకే నోట్లో వేసుకునేది. గండిమైసమ్మ దాకా పోయి రావడం అలవాటైంది. అక్కడ దిగి ఆటోలో సూరారం వెళ్లి కూతుర్ని చూసి వచ్చేది. మొదటిసారి రథం గల్లీ మొదట్లో ఆగితే శైలజ లబలబలాడింది.

"అమ్మా, నీకు దండం వెడ్త. గా బండి మా గల్లీకి తేకు. మా అత్త గుండె ఆగుతది!"

అందుకే అప్పటి నుంచి గండిమైసమ్మ చౌరస్తాలోనే ఆపించేది. దారిలో మాత్రం తమాషాలు తప్పేవి కావు. రథం కనపడగానే జనం ఆగి చేతులు జోడించేవారు. మర్యాద తెలిసిన మనిషి కదా, ఐలమ్మ కిటికీలోంచి తిరిగి దండం పెట్టేది. ఒక మోటార్ సైకిలు అతను ఆ దెబ్బకు బండితో సహా చెట్లలోకి పోయాడు. దెబ్బలేమీ తగల్లేదు లెండి.

వర్షాలు మొదలైనా ఎవరూ పోలేదు. ఎలుకల పెంట కూడా షెడ్డులో కనపడటం మానేసింది. ఈలోగా జనార్ధన్ తల్లికి జబ్బు చేసింది. తొంభై దగ్గరపడ్డ మనిషి, ఊరంతా పెద్ద పటేలమ్మ అనేవారు. సూరారం వైపు ఒక దవాఖానలో చేర్చారు. ఐలమ్మ ప్రతి పొద్దునా ఆమె ఎలా ఉందో అడిగి తెలుసుకునేది. అందులో పటేలమ్మ మీది గౌరవం కొంత, తాళంచెవి భయం కొంత.

ఆ గురువారం సన్నగా జల్లు పడుతోంది. కూతురి ఇంటి నుంచి ఐలమ్మ చౌరస్తాకు వచ్చేసరికి మహేందర్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పెద్ద పటేలమ్మ పోయిందట. బండి తెమ్మంటుండ్రు."

ఇవాళే బండి కదలాలా, ఇవాళే ఆ తల్లి పోవాలా? ఊరు ఏమంటుందో ఆమెకు అక్షరం అక్షరం వినపడింది. ఆటోలో ఊరికి పోయి తలుపు వేసుకుందామనుకుంది. కానీ అప్పటికే మహేందర్ స్టార్ట్ చేశాడు. ఖాళీ బండిని పంపలేక ఆమె ఎక్కింది.

వాళ్లు దవాఖాన ముందుకు వెళ్లేసరికి జనార్ధన్ వానలో తడుస్తూ ఉన్నాడు. ఊరి నుంచి బండి రావడానికి చాలాసేపు పడుతుందని ఆయన లెక్క. ఎదురుగా తండ్రి పేరు కనపడింది. లోపలి నుంచి ఐలమ్మ దిగింది. ఆయన ఆమెను ఒకసారి చూసి, మహేందర్‌ను లోపలికి తీసుకుపోయాడు.

శవాన్ని ఎక్కించాక ఐలమ్మ పక్కకు తప్పుకుంది. బాలమణి ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లతో బండిలోంచే పిలిచింది.

"నువ్వు ఎక్కు ఐలమ్మా. బల్ల కదులుతాంది. ఎట్ల పట్టుకోవాల్నో నాకు తెల్వది."

ఐలమ్మ ఎక్కి, పటేలమ్మ తల దగ్గర కూర్చుని రెండు చేతులతో పట్టుకుంది. ఎదురుగా కొడుకు, కోడలు. బండి గండిమైసమ్మ దాటింది. గుంతల్లో పడి లేచింది. ఇంజను చప్పుడు ఎక్కడైనా కాస్త మారితే చాలు, ఐలమ్మ ఊపిరి బిగబట్టేది. ఊళ్లో ఇంటి ముందు ఆగి, జరగాల్సినవన్నీ జరిగాక, సాయంత్రం డప్పుల వెనక మళ్లీ బయల్దేరింది. రోడ్డు దాటింది. దహనవాటిక ముందు మహేందర్ ఆపితేనే ఆగింది.

శవాన్ని దించాక మహేందర్ తాళంచెవి తీసుకుని వచ్చి జనార్ధన్ ముందు చేయి చాపాడు. చుట్టూ ఉన్నవాళ్లు గుసగుసలు ఆపారు. వాళ్లంతా ఎదురుచూస్తున్నది దానికే.

"బండి యాడన్న ఆగిందా?" అని అడిగాడు జనార్ధన్.

"ఆగలే పటేలా."

"మరి నాకెందుకిస్తున్నవ్? నీ తాన్నే ఉండనియ్యి. గురువారం డీజిల్ నేను వోయిస్త."

అది విని ఐలమ్మ షెడ్డు గోడకు ఆనుకుని కూలబడింది. కూలబడి ఏడ్చింది. గుండెలు బాదుకుంటూ, రాగం తీసి, గొంతు జీరబోయేదాకా ఏడ్చింది. చేపలమ్ముకునే దీనికి పటేలమ్మ మీద ఇంత ప్రేమ ఎప్పటి నుంచి అని ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. సోమయ్య పోయిన రోజు ఆమె ఏడవడం ఎవరూ చూడలేదు. ఆ రోజు లారీల హారన్ల మధ్య అతని ముఖం మీద ఎండ పడకుండా కొంగు పరిచి పట్టుకుని నిలబడింది. రెండు చేతులూ పనిలో ఉన్న మనిషి ఎలా ఏడుస్తుంది? ఆ తర్వాత ఏడుపు రాలేదు.

మహేందర్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఊకో పెద్దమ్మా. ముసలామె నిండుగ బతికి పోయింది."

"ఆమె కోసం కాదు బిడ్డా," అన్నది ఐలమ్మ. "మీ పెద్దనాయిన గీడికి ఇయ్యాల్నే చేరిండు."