గురజాలలో సలోమి చెప్పిన పేర్లు

నా భార్య రూతు నిరుడు పోయింది. ఎముకల్లోని మూలుగ కొత్త రక్తం తయారుచేయడం మానేసిందని పెద్దాసుపత్రిలో చెప్పారు. ఆమె చెల్లెలు సలోమి డాక్టర్ల ముందు నిలబడి, తన మూలుగ తీసి అక్కకు పెట్టమంది. వాళ్లు తీసుకోలేదు. తీసుకుని ఉంటే అక్క బతికేదన్న మాట అప్పటినుంచీ సలోమిని వదల్లేదు. ఒకరి మూలుగ మరొకరికి ఎక్కించడం మీద పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ ఒకరు ఈ చలికాలం గురజాల ఆసుపత్రిలో ఉంటూ, బిడ్డల తల్లుల దగ్గర రక్తం సేకరిస్తున్నారని నేను పనిచేసే కాలేజీలో విన్నాను. సలోమికి జవాబు చెప్పగల మనిషి దొరికిందనుకున్నాను.

నరసరావుపేటలో తెల్లవారుతూనే బస్సెక్కి సత్తెనపల్లి చేరాను. రాజుపాలెం నుంచి సలోమి చంటిపిల్లతో స్టేషనుకు వచ్చింది. మాచర్ల బండి నిండా సాగర్ ఆనకట్ట కట్టే పనికి వెళ్లే కూలీలే. గురజాలకు టిక్కెట్టు ఖరీదు తక్కువే గాని కూర్చోవడానికి చోటు దొరకడం కష్టం. ఒక ముసలమ్మ తన మూట జరిపి సలోమికి చోటిచ్చింది.

"ఎన్నో బిడ్డమ్మా?" అని అడిగింది.

"ఏదో ఒకటిలే పెద్దమ్మా," అంటూ సలోమి పిల్ల మొహం మీదికి కొంగు లాగింది.

పిడుగురాళ్ల దాటాక సున్నపురాళ్ల నేల, మధ్యమధ్య మిరపచేలు. కాయలు బాగా ఎరుపు తిరిగాయి. పిల్ల నా వేలు పట్టుకుని నిద్రపోయింది. మధ్యాహ్నం కాకముందే గురజాలలో దిగాం.

స్టేషను బయట జట్కాలుంటాయి. మా జట్కా తోలిన మస్తాన్, ఆసుపత్రి అనగానే నవ్వాడు. "నెత్తురు డాక్టరమ్మ కాడికేనా? చానామందిని కనుంటే మంచిదంట గదయ్యా. మా ఇంటిదాన్ని పంపిస్తే ఇద్దరే అని చెప్పొచ్చింది. మాపిటేల కంచాలు పెడితే ఎనిమిది!"

"నువ్వు లెక్కపెడతన్నావా? దిష్టి తగలదూ?" అంది సలోమి.

"నేను లెక్కపెట్టేది కంచాలమ్మా, పిల్లల్ని కాదు."

డాక్టరమ్మది గోదావరి అవతలి ఊరు. నలభై ఏళ్లుంటాయి. సలోమి కూర్చోకుండానే అడిగేసింది. "మా అక్కకి నా మూలుగ పెట్టుంటే బతికేదా?"

ఆమె తొందరపడలేదు. "నిలిచేది కాదమ్మా. అచ్చంగా ఒకే పోలికతో పుట్టిన కవలల మధ్య తప్ప ఇప్పటికీ సరిగా నిలవడం లేదు. కొత్త మూలుగను ఒళ్లు పరాయిదని తోసేస్తుంది. లేదంటే ఆ మూలుగే ఒంటి మీద తిరగబడుతుంది. నువ్విచ్చుంటే అక్క ఇంకా బాధపడేదేమో. ఎవరిది ఎవరికి సరిపడుతుందో ముందే తెలియాలి. మా పని అదే."

"దానికి మా నెత్తురెందుకు?"

"కడుపులో బిడ్డ సగం తండ్రి పోలిక. ఆ సగాన్ని తల్లి ఒళ్లు పరాయిదని గుర్తుపడుతుంది. కాన్పు కాన్పుకూ ఆ గుర్తు గట్టిపడవచ్చు. అలాంటి తల్లుల రక్తంతోనే మనిషికీ మనిషికీ తేడా పట్టుకుంటున్నాం. నీకెంతమంది పిల్లలు?"

"ముగ్గురు," అంది సలోమి.

నేను కిటికీ వైపు చూశాను. ఆమెకు ఆరుగురు.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఈ ఊళ్లో అందరూ ఇద్దరూ ముగ్గురే అంటున్నారు. లెక్క తప్పితే నా పనంతా తప్పుతుందమ్మా."

సలోమి పిల్లను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. "లెక్క నా నోట రాదమ్మా. పేర్లు చెబుతా, నువ్వే ఎంచుకో. యోహాను. ఎస్తేరు. దానియేలు. కరుణ. ప్రకాశం. ఇదుగో, చిన్న రూతు." పిల్ల తల నిమిరింది. "ఇంకోడున్నాడు. పేరు పెట్టకముందే పోయాడు. వాడూ పనికొస్తాడా?"

"వస్తాడమ్మా. నీ నెత్తురు వాణ్ణీ గుర్తుపెట్టుకుని ఉండొచ్చు."

ఆ బిడ్డ సంగతి నాకు తెలియదు. సలోమి నా వైపు తిరిగింది. "అక్కకి తెలుసు బావా. వాడికి ఆఖరి నీళ్లు పోసింది అక్కే."

తర్వాత చెయ్యి చాపింది. సూది గుచ్చినప్పుడు మొహం తిప్పుకోలేదు.

సాయంత్రం బండికి ముందు స్టేషను దగ్గరి పూటకూళ్లింట్లో జొన్నరొట్టె, గోంగూర పచ్చడి తిన్నాం. సలోమి రెండోసారి వడ్డించమంది. వండే ఆవిడ, "ఏమే, ఎన్నాళ్లయింది తిని?" అంది. "ఏడాది," అంది సలోమి. ఇద్దరూ నవ్వారు. రూతును బతికించే విద్య ఇంకా రాలేదు. అది వచ్చే దారిలో సలోమి నెత్తురు చిన్న సీసాడు ఉంది. తిరుగు బండిలో ఆమె అక్క చిన్నప్పటి సంగతులు చెబుతూ వచ్చింది. అవి విని చాలాకాలమైంది. సత్తెనపల్లి త్వరగా వచ్చేసిందనిపించింది.

వెళ్లదలచిన తల్లులకు ఒక మాట. సత్తెనపల్లిలో పొద్దుటి మాచర్ల బండి ఎక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. దిష్టి అని భయపడకండి, డాక్టరమ్మ ఇప్పుడు సంఖ్య అడగడం లేదు. పేర్లు చెప్పండి. పేరు పెట్టని వాళ్లనూ చెప్పండి.